మీరు రెండు మాటల్లో దాటేసిన చిన్నవాడు

మాది నరసరావుపేట. పెద్దబ్బాయి తొమ్మిదో తరగతి. ఏడో తరగతి దాకా వాడి మీద ఒక్క మాట రాలేదు. ఏడాదిగా ఇద్దరు ఇంటర్ కుర్రాళ్లతో తిరుగుతున్నాడు. బడి ఎగ్గొడుతున్నాడు, నా పర్సులో డబ్బులు తీస్తున్నాడు. మొన్న ముగ్గురూ కలిసి ఓ పిల్లాణ్ణి కొట్టి సెల్‌ఫోన్ లాక్కున్నారు. పెద్దమనుషులు కూర్చుని ఫోన్ ఇప్పించి సర్దేశారు. మావారు బెల్టుతో కొట్టారు. తెలిసిన కానిస్టేబుల్‌తో చెప్పి ఓ రాత్రి స్టేషన్లో ఉంచితే దారికొస్తాడంటున్నారు. చిన్నవాడికి ఆరేళ్లు. వాడూ బళ్లో రోజూ ఎవర్నో ఒకర్ని కొట్టొస్తాడు, కుక్కపిల్లల్ని రాళ్లతో కొడతాడు. చిన్నతనం కదా, మా మామగారైతే ‘పల్నాటి పౌరుషంరా’ అని మురిసిపోతారు. పెద్దవాణ్ణి ఏం చేయమంటారు?

– ఓ తల్లి

అమ్మా, ముందు స్టేషన్ ఆలోచన మాన్పించండి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది. పైగా ఆ భయం పనిచేయదు. 1970లలో అమెరికాలోని న్యూజెర్సీలో ఇలాంటి పిల్లల్ని జైలుకు తీసుకెళ్లి యావజ్జీవ ఖైదీలతో బెదిరింపజేశారు. అలాంటి కార్యక్రమాలను తర్వాత పరిశీలిస్తే, జైలుకెళ్లొచ్చిన పిల్లలే వెళ్లనివాళ్లకంటే ఎక్కువ నేరాలు చేశారు.

పెద్దవాడి మీద నాకు ఆశ ఉంది. పదిహేనేళ్ల ప్రాయంలో సావాసాల వల్ల దారి తప్పినవాళ్లలో ఎక్కువమంది తర్వాత సర్దుకుంటారనీ, పసితనం నుంచే కొట్టడం అలవాటైనవాళ్లలో అది పెద్దయ్యాకా నిలిచిపోయే ప్రమాదం ఎక్కువనీ టెర్రీ మోఫిట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1993లో వివరించారు. అందుకే నా దిగులంతా మీ చిన్నవాడి గురించే.

వాడు ఏదైనా కావాలని నేల మీద పడి ఏడిస్తే మీ ఇంట్లో ఏం జరుగుతుంది? చాలా ఇళ్లలో ముందు వద్దంటారు, తర్వాత అరుస్తారు, చివరికి పరువు పోతుందని కొనిస్తారు. ఏడుపు ఆగుతుంది, అందరికీ ప్రాణం కుదుటపడుతుంది. గొడవ చేస్తే పని జరుగుతుందని పిల్లాడికి అక్కడే తెలిసిపోతుంది. ఇవ్వదలచింది మొదటే ఇవ్వండి. వద్దన్నది ఎంత ఏడ్చినా ఇవ్వకండి. కొట్టొస్తే ఆ సాయంత్రం టీవీ ఉండదని నెమ్మదిగా చెప్పి, అన్నమాట మీద నిలబడండి. కొట్టకుండా వచ్చిన రోజు దగ్గరకు తీసుకుని మెచ్చుకోండి. ఇది మనవాళ్లు తరచూ మరిచిపోతారు. మూగజీవాల్ని హింసించడాన్ని మాత్రం చిన్నతనమని వదిలేయకండి. గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో ఒకసారి చూపించండి. ఈలోపు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

ఇక పెద్దవాడు. ఫోన్ పెద్దమనుషులు ఇప్పించారు, వాడు ఇవ్వలేదు. తండ్రి వెంట ఆ పిల్లాడి ఇంటికి వెళ్లి, వాడే క్షమాపణ అడగాలి. బడి వదిలాక ఎక్కడున్నాడో, ఎవరితో ఉన్నాడో రోజూ మీకు తెలియాలి. సావాసం మానమంటే సరిపోదు, ఆ ఖాళీలో మరొకటి ఉండాలి. కోటప్పకొండ తిరునాళ్లకు మీ బంధువుల ఊళ్లో ప్రభ కడుతుంటే తండ్రితోనో మేనమామతోనో పంపండి, పెద్దల పక్కన పనిచేయనివ్వండి. తాగి తిరిగే గుంపుతో మాత్రం వద్దు.

బెల్టు పక్కన పెట్టాల్సింది మీవారు. పౌరుషం మాట గురించి మామగారితో మాట్లాడాల్సిందీ ఆయనే. కోడలు చెబితే ఎదురు చెప్పినట్టవుతుంది, కొడుకు చెబితే వింటారు. ఈ ఉత్తరం ఆయన చేత చదివించండి.