చేతికి తగిన చరవాణి

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పల్లెల్లో జనవరి మొదలుకొని ఏప్రిల్ వరకు కళ్లాలన్నీ ఎర్రబారి కనిపిస్తాయి. కాయ ఎండబెట్టి, తాలు ఏరి, గోతాలకెత్తిన మిర్చి రైతును ఆ రోజుల్లో ఒకే ప్రశ్న వేధిస్తుంది. సరుకును గుంటూరు యార్డుకు ఇప్పుడే తోలవలెనా, శీతల గిడ్డంగిలో ఉంచి వేచి చూడవలెనా? తేజ రకానికి ఒక ధర, 334 రకానికి మరొక ధర. ఒకే రకంలోనైనా రంగును బట్టి, తేమను బట్టి తేడా. పూర్వం ఈ కబురు యార్డుకు వెళ్లి వచ్చిన తోటి రైతు నోట తెలిసేది. లేదా కమీషన్ వ్యాపారి చెప్పినదే ధర. నేడది జేబులోని ఫోనుకు చేరుతున్నది. కనుక ఏ ఫోను కొనాలన్నది ఈ ప్రాంతంలో కేవలం వేడుకకు సంబంధించిన విషయం కాదు.

విద్యార్థులారా! ఇంట్లో ఆ నిర్ణయం తరచుగా మీ మీదనే పడుతుంది. "చదువుకున్నదానివి, ఏది మంచిదో నువ్వే చూడమ్మా" అంటాడు తండ్రి. ఏది మంచిదని అడిగితే దుకాణదారు ఖరీదైనదే చూపుతాడు. ఎవరికి, ఏ పనికి అని అడిగినప్పుడే ఆ ప్రశ్నకు అర్థం ఉంటుంది.

ఫోను అనగానే మన చూపు తెర మీదికీ కెమెరా మీదికీ పోతుంది. దానిని నడిపించేది లోపలి ఆపరేటింగ్ సిస్టమ్. యాప్‌లన్నీ దానిపై ఆధారపడి పనిచేస్తాయి కనుక దానిని వేదిక అంటున్నారు. నేలను బట్టి పైరు; వేదికను బట్టి యాప్. 2007లో ఆపిల్ సంస్థ ఐఫోన్‌ను విడుదల చేసింది. గూగుల్ అండతో రూపొందిన ఆండ్రాయిడ్ ఫోను 2008లో బజారుకు వచ్చింది. ఆ రెండింటి పోటీకి సింబియన్, బ్లాక్‌బెర్రీ, విండోస్ ఫోను ఒకదాని వెనుక ఒకటి తెరమరుగైనాయి. 2019 చివర వాట్సాప్ విండోస్ ఫోన్లను వదిలివేసింది. యంత్రానికి ఏ లోపమూ లేదు. గాజు పగలలేదు, బ్యాటరీ చెడలేదు. అయినా అది సగం మూగబోయింది. మీటల ఫోన్లలో వాడే కాయ్ ఓఎస్‌కు కూడా 2024 నుంచి వాట్సాప్ కొత్తగా లభించలేదు.

మన రైతు అవసరాలను ఒకసారి పరిశీలిద్దాం. సలహా కావాలంటే 2004లో ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటర్‌కు ఏ ఫోను నుంచైనా మాట్లాడవచ్చు; తెలుగులోనే సమాధానం వస్తుంది. 2022లో వచ్చిన యూపీఐ 123 పే ద్వారా మీటల ఫోనుతోనే డబ్బు పంపవచ్చు. ఇంతటితో పని జరిగే వృద్ధునికి స్మార్ట్ ఫోను అంటగట్టడం మన ఆర్భాటమే గాని, ఆయన అవసరం కాదు.

అయితే పత్తి రైతు సంగతి వేరు. 2025-26 సీజనులో మద్దతు ధరకు అమ్మదలచిన రైతు, భారత పత్తి సంస్థ వారి 'కపాస్ కిసాన్' యాప్‌లో నమోదై, కొనుగోలు కేంద్రానికి వెళ్లే తేదీని ముందుగా ఎంచుకోవలసి వచ్చింది. పొడుగు పింజ పత్తికి ఆ ఏటి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. బయట ధర అంతకు తగ్గినచోట, యాప్ తెరవలేని రైతు పొరుగువారి పిల్లవాణ్ణి బతిమాలుకోవాలి. లేదా ఆ తేడాను వదులుకోవాలి. మిర్చి రైతుకు కెమెరా కూడా ముఖ్యమే. 2021-22లో నల్ల తామర పురుగు పూలలో చేరి తోటలను నాశనం చేసినప్పుడు, పురుగు ఏదో గుర్తించడమే మొదటి సమస్య అయింది. ఆకు అడుగును, పువ్వు లోపలను స్పష్టంగా చూపే చిత్రం అధికారికి పంపగలిగితే ఒక అనవసరపు మందు ఖర్చు తప్పవచ్చు. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన 'మన మిత్ర' సేవలకు వాట్సాప్ ఉంటే చాలు. ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా ఒకటే.

అవసరం తరువాత చూడవలసినది నేర్పు. అక్షరాలను వేలితో కూర్చలేనివారు మాట్లాడి రాయించవచ్చు. గూగుల్ 2017 ఆగస్టులో తెలుగుకు ఆ సౌకర్యం కల్పించింది. మన భాష మాత్రం ఏ వేదికకైనా ఒక పరీక్షే. 2018 ఫిబ్రవరిలో ఒక ప్రత్యేక రీతిలో కూర్చిన 'జ్ఞా' అన్న అక్షరం సందేశంగా అందగానే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఫిబ్రవరి 19న ఆపిల్ దానిని సరిదిద్దింది. జ్ఞానంలోని మొదటి అక్షరమే అంతటి యంత్రానికి మింగుడు పడకపోవడం విచిత్రం! ఖరీదైన ఫోనులో మన లిపికి కొరత ఉండదని అనుకోరాదు.

ఆండ్రాయిడ్‌లో స్వేచ్ఛ ఎక్కువ, ధరల్లో వైవిధ్యం ఎక్కువ. ఆ స్వేచ్ఛలోనే అపాయమూ ఉన్నది. పీఎం కిసాన్ పేరు పెట్టుకొని వాట్సాప్‌లో వచ్చే నకిలీ యాప్ ఫైలును తాకి, ఖాతా ఖాళీ చేసుకున్నవారు ఉన్నారు. ఐఫోన్ అటువంటి బయటి ఫైళ్లను మన దేశంలో సాధారణంగా లోపలికి రానీయదు. తొట్రుపడే చేతికి ఆ కట్టడి మేలే. అయితే ఆ మేలు ఖరీదు ఒక ఎకరం మిరప కోత కూలీలతో సరితూగితే ఆలోచించాలి. మరొక లెక్క కూడా వేయాలి. 2018 నాటి ఐఫోన్ ఎక్స్‌ఆర్‌కు 2024లో వచ్చిన ఐఓఎస్ 18 సైతం అందింది. చవక ఆండ్రాయిడ్ ఫోన్లలో పలు వాటికి రెండు మూడేళ్లకే కొత్త మార్పులు ఆగిపోతాయి. ధరను అది పనిచేసే ఏళ్లతో భాగించి చూడండి.

దుకాణానికి మీరొక్కరే వెళ్లకండి. వాడబోయే నాన్ననో నాయనమ్మనో వెంట తీసుకువెళ్లండి. ఫోను వారి చేతికిచ్చి, తెలుగులో ఒక మాట పలికి సందేశం పంపమనండి. ఒక చిత్రం తీసి దానిని పెద్దది చేసి చూడమనండి. చివరగా, తెరను తెలుగులోకి మార్చి, పోయిన వారం వచ్చిన సందేశాన్ని వెదకమనండి. మీరు చేయి వేయవద్దు. ఆ మూడు పనులూ వారి వేలితోనే జరిగిన ఫోనును పక్కన పెట్టించి, ఆ తరువాత ధర అడగండి.