మ్యాచ్ టికెట్ చేతిలో ఉంది, వీసా మాటేమిటి?

ఉంగుటూరులోనో తాడేపల్లిగూడెంలోనో నెట్ సెంటర్ పెట్టుకుని రైలు టికెట్లు, పాస్‌పోర్ట్ దరఖాస్తులు చేసిపెడుతున్నవాళ్లు ట్రావెల్స్ బోర్డు కూడా తగిలించాలనుకుంటే, విదేశాల్లో ఆట చూడ్డానికి వెళ్లేవాళ్ల పని మంచి బేరమే. మన వైపు ఫుట్‌బాల్ ఎవరు చూస్తారండీ అనుకోవద్దు. పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తల్లిదండ్రులు ఊరికి నలుగురైదుగురు ఉంటారు. 2026 ప్రపంచ కప్పులో అన్నిటికంటే ఎక్కువగా తొమ్మిది మ్యాచ్‌లు డల్లాస్ పక్కనున్న ఆర్లింగ్టన్‌కే దక్కాయి. ఫైనల్‌కి న్యూజెర్సీలోని ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌ను ఎంచుకున్నారు. హ్యూస్టన్, అట్లాంటా, సియాటిల్ కూడా జాబితాలో ఉన్నాయి. అన్నీ తెలుగు వాళ్లున్న ఊళ్లే. కొడుకు ఫోన్ చేసి "నాన్నా, ఈసారి వచ్చినప్పుడు మ్యాచ్ చూద్దాం" అన్నాడంటే ఆ నాన్న నేరుగా వచ్చేది మీ కౌంటర్ దగ్గరికే.

వచ్చీ రాగానే ఆయన అడిగేది ఒకటే: "టికెట్ కొన్నాం కదండీ, వీసా ఎందుకివ్వరండీ?" ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. 2018లో రష్యా మ్యాచ్ టికెట్ ఉన్నవాళ్లకు ఫ్యాన్ ఐడీ ఇచ్చి, వీసా లేకుండానే రానిచ్చింది. 2022లో ఖతార్‌కు హయ్యా కార్డే ప్రవేశ పత్రం. దోహా మెట్రో కూడా దాంతో ఉచితం. ఆ రెండూ చూసినవాళ్లు ఎక్కడైనా అంతేననుకుంటారు. అమెరికా అలా చేయలేదు. టికెట్ ఉన్నవాళ్లకు ఇంటర్వ్యూ తేదీ త్వరగా దొరికేలా ఫిఫా పాస్ అనే ఏర్పాటును 2025 నవంబరులో ప్రకటించింది, అంతవరకే. తేదీ ముందుకొస్తుంది గానీ వీసా ఇస్తామన్న హామీ లేదు. ఈ మాట మొదటి రోజే, డబ్బు తీసుకోకముందే చెప్పండి. చెప్తే బేరం పోతుందని భయపడేవాళ్లు ఈ పని చేయకపోవడమే మేలు.

ముందు పాస్‌పోర్ట్ తెరిచి చూడండి. తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో ఆరు నెలలైనా గడువు మిగలాలి. లేకపోతే ముందు భీమవరం పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి పంపాలి. గడువు సరే, అసలు తలనొప్పి పేర్లతో వస్తుంది. మనవాళ్లకు ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పదో తరగతి సర్టిఫికెట్‌లో పూర్తి ఇంటిపేరు, పాత పాస్‌పోర్టులో అసలు ఇంటిపేరే లేకుండా మొత్తం ఒకే గడిలో ఉంటాయి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న ఒంటి పేరు పాస్‌పోర్టులతో సందర్శక వీసాపై రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులోనే చెప్పింది. దుబాయ్‌లో రెండు రోజులు ఆగి వెళ్దామనుకునేవాళ్లకు ఇది పెద్ద అడ్డంకి. పేరు సరిచేయించాకే మ్యాచ్ టికెట్ ఖాతా తెరవాలి. అందులో పేరు, విమానం టికెట్‌లో పేరు, వీసా ఫారంలో పేరు అక్షరం తేడా లేకుండా పాస్‌పోర్టులో ఉన్నట్టే పడాలి. కొడుకు తన పేరు మీద నాలుగు టికెట్లు కొనేసి ఉంటే, వాటిని అమ్మానాన్నల పేరుకు మార్చడం కుదురుతుందో లేదో ఫిఫా టికెట్ల యాప్‌లో ముందే చూడమనండి.

ఇక ఆదాయం. కొల్లేరు చుట్టుపక్కల ఇదే చిక్కుముడి. చేపల చెరువులున్న రైతు చేతి మీదుగా ఏడాదికి లక్షలు తిరుగుతాయి. కానీ చెరువు లీజుది, మేత అప్పు మీద వస్తుంది, పట్టుబడి డబ్బులో సగం ఆ అప్పుకే పోతుంది, మిగిలింది నగదు. బ్యాంకు పుస్తకం చూస్తే ఆయన పేదవాడు. పైగా వరి ఆదాయానికి పన్ను లేదు కాబట్టి చేపలకూ లేదనుకుని చాలామంది రిటర్నే వేయరు. చేపల పెంపకాన్ని పన్ను శాఖ వ్యవసాయంగా చూడదు. అందుకని మీ దగ్గరికి వచ్చినవాళ్లకు నేను చెప్పమనేది ఇది: వీసాకు ఏడాది ముందే ఆడిటర్ దగ్గరికి పంపండి, అమ్మకాల డబ్బు ఖాతాలోనే వేయించుకోమనండి, లీజు ఒప్పందం నోటి మాటగా కాకుండా కాగితం మీద పెట్టించమనండి. దరఖాస్తుకు వారం ముందు బావమరిది దగ్గర ఐదు లక్షలు తెచ్చి ఖాతాలో వేస్తే ఆ అంకె ఆయనకు సాయం చేయదు, అనుమానం తెస్తుంది. ఇంకో సంగతి. కొల్లేరు సరస్సు హద్దుగా గీసిన ఐదో కాంటూరు లోపలి చెరువులను ఆస్తిగా చూపించకండి. కొల్లేరును ఆ మేరకు 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో చెరువుల గట్లు కొట్టేశారు. అక్కడి చెరువును చూపిస్తూ రాసిన విలువ పత్రం ఆ రైతుకే ఎదురు తిరుగుతుంది. ఊళ్లో ఇల్లు, పట్టా భూమి, ఇక్కడే ఉన్న కూతురు, చదువుకుంటున్న మనవడు, తిరిగొస్తారనడానికి ఇవి చాలు.

అమెరికా ఇంటర్వ్యూలో అధికారి ఈ కాగితాలేవీ అడగకపోవచ్చు. రెండు మూడు ప్రశ్నలు నోటితో అడిగి తేల్చేస్తారు. కెనడాకో యూరప్‌లోని షెంగెన్ దేశాలకో అయితే కాగితాలే మాట్లాడాలి. అమెరికాకు డీఎస్-160 ఫారం నింపేది మీరే కాబట్టి అందులో ఒక ప్రశ్న గుర్తుంచుకోండి: ఈ ఫారం నింపడానికి ఎవరైనా సాయం చేశారా? చేశారనే రాయాలి, మీ పేరు పెట్టాలి. దానికి జంకేవాళ్లు ఫారంలో ఏదో అబద్ధం రాసి ఉంటారని నా అనుమానం. హైదరాబాద్ కాన్సులేట్‌లో తెలుగులో ఇంటర్వ్యూ అడగొచ్చు. రాని ఇంగ్లిష్‌ను బట్టీ పట్టించి పంపే కోచింగ్ కంటే, మన యాసలో నిజం చెప్పే రైతు మెరుగు. "ఎందుకు వెళ్తున్నారు?" అంటే "మా అబ్బాయి దగ్గరికి, ఫలానా తేదీన మ్యాచ్ ఉంది" అంటే సరిపోతుంది. స్లాట్లు పట్టిపెడతామని డబ్బు గుంజేవాళ్లతో చేయి కలపకండి. బాట్లతో పట్టిన దాదాపు 2,000 అపాయింట్‌మెంట్లను అమెరికా రాయబార కార్యాలయం 2025 మార్చిలో రద్దు చేసింది.

జట్టు వెంట ఊరూరా తిరిగేవాళ్ల లెక్క వేరు. 2026 కప్పుకు 48 జట్లు, 104 మ్యాచ్‌లు, 16 నగరాలు, మూడు దేశాలు. ఒక వీసాతో మూడు దేశాలూ చుట్టి రాలేరు. అమెరికా వీసా ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కర్లేదు. కెనడాకు మాత్రం విడిగా తీసుకోవాల్సిందే, వేలిముద్రలూ ఇవ్వాలి. సియాటిల్‌లో ఒక మ్యాచ్ చూసి పక్కనే కదా అని వాంకూవర్‌కు కారేసుకుని వెళ్దామనేవాళ్లు సరిహద్దు దగ్గరే ఆగిపోతారు. గ్రూప్ మ్యాచ్‌లైతే ఊరు, తేదీ ముందే తెలుస్తాయి. ఆ తర్వాత జట్టు ఏ ఊరు పోతుందో, అసలు మిగులుతుందో ఎవరికి తెలుసు? నాలుగుసార్లు కప్పు కొట్టిన జర్మనీ 2018లోనూ 2022లోనూ గ్రూప్ దశలోనే ఇంటికెళ్లింది. అభిమాని గుండె మీద చేయి వేసి "ఫైనల్‌కి వెళ్తామండీ" అన్నా సరే, గ్రూప్ దశ దాటాక వచ్చే విమానం టికెట్లు, హోటళ్లు రద్దు చేసుకోగలిగినవే తీయండి. వీసా రాకముందు డబ్బు తిరిగిరాని టికెట్ ఒక్కటి కూడా తీయకండి. రేటు తక్కువని ఆయనే బతిమాలితే, రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే.

ఆట పేరు చెప్పి అక్కడే ఉండిపోదామనుకునేవాళ్లూ వస్తారు. గోదావరి జిల్లాల్లో వీసా అనగానే గల్ఫ్ పని గుర్తుకొచ్చే ఇళ్లు ఎక్కువ, కాబట్టి కొందరు సూటిగానే అడుగుతారు. 2018లో ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడలకని విలేకరుల కార్డులతో బ్యాంకాక్ మీదుగా వచ్చిన మన దేశస్థులను బ్రిస్బేన్ విమానాశ్రయంలోనే పట్టుకున్నారు. ఆ కార్డుల్లో ఎక్కువ దొంగవి. పనికి పంపడం వేరే చట్టం, 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉన్నవాళ్లు చేసే పని. మీకు ఆ లైసెన్సు లేదు. అలాంటి ఫైలు ముట్టుకోకుండా వెనక్కి పంపండి. బంధువైనా సరే.

డబ్బు దగ్గర రెండు రసీదులు పెట్టుకోండి. ప్రభుత్వానికి కట్టిన వీసా ఫీజు ఒకటి, మీ కూలి మరొకటి. అమెరికా సందర్శక వీసా ఫీజు 185 డాలర్లు, వీసా రాకపోయినా తిరిగిరాదు. మీ కూలిలో వీసా రాకపోతే ఎంత తిరిగిస్తారో ముందే రాసివ్వండి. విమానం, హోటల్ కలిపి విదేశీ ప్యాకేజీగా అమ్మితే టీసీఎస్ (అమ్మేటప్పుడే కొనేవాళ్ల నుంచి తీసుకునే పన్ను) వసూలు చేసి కట్టాల్సింది మీరే. 2023 అక్టోబరు నుంచి ఏడు లక్షల దాకా 5 శాతం, దాటితే 20 శాతం అన్నారు, తర్వాత మార్చారు. ఈ రేట్లు బడ్జెట్లతో మారుతుంటాయి కాబట్టి బిల్లు కొట్టే రోజున ఏది నడుస్తోందో చూసుకోండి. అది అదనపు బాదుడు కాదని, రిటర్ను వేస్తే తమ పన్నులో సర్దుబాటవుతుందని రైతుకు నిదానంగా చెప్పండి. రిటర్ను వేయనివాళ్లకు ఆ డబ్బు చేతికి రాదు. అప్పుడైనా ఆయన ఆడిటర్ దగ్గరికి వెళ్తాడు.