అంతయు దెలియుననుకొనుట

అజ్ఞానముకంటె 'నాకంతయు దెలియు'నను నమ్మకమే సత్యమున కెక్కువ యడ్డని మేము తలంచుచున్నాము. 1847వ సంవత్సరమున వియన్నా నగరపు వైద్యశాలలో, శవపరీక్ష చేసిన చేతులతోనే వైద్యులు పురుళ్లు పోయుటవలన బాలెంతలు సూతికాజ్వరమున మరణించుచున్నారని సెమ్మెల్‌వైసను వైద్యుడు గ్రహించి, క్లోరిను కలిపిన సున్నపునీట వారిచే చేతులు కడిగించెను. ఏప్రిలులో నూటికి 18కి పైగా నుండిన మరణములు జూనునాటికి సుమారు 2కు దిగెను. లెక్క యందఱి యెదుటను నుండెను. అయినను పెక్కండ్రు వైద్యులు దానిని లక్ష్యపెట్టరైరి. తమ చేతులే మృత్యుహేతువులని వినుటకు వారి మనసొప్పలేదు.

మనమును అట్టివారమే. మన తలంపున కనుకూలించు మాటను వెంటనే చెవిని బెట్టుదుము. ప్రతికూలమైనదానిని విననే వినము. కావున 'ఏది కనబడినచో నా యభిప్రాయము తప్పని యొప్పుకొందును?' అని ప్రతివిషయమునందును ముందుగా నెవరికి వారు ప్రశ్నించుకొనవలెను. దానికి జవాబు దొరకనిచో మనయొద్ద నున్నది జ్ఞానము గాదు, గర్వము.