గంధకానికి కుదిరిన ధర కర్బనానికి ఎందుకు కుదరలేదు?

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు గ్యాస్ స్టేషన్ నిత్యపరిచయమైనదే. అక్కడ కొనే గ్యాలన్ గ్యాసోలిన్ బరువు మూడు కిలోలైనా ఉండదు. అందులో సుమారు 2.4 కిలోలు కర్బనం. ఇంజనులో మండినప్పుడు ప్రతి కర్బన పరమాణువూ గాలిలోని రెండు ఆమ్లజని పరమాణువులతో కలిసి బొగ్గుపులుసు వాయువుగా మారుతుంది. కర్బనం పరమాణు భారం 12. ఈ వాయువు అణుభారం 44. అంటే బరువు 3.67 రెట్లవుతుంది. గ్యాలన్ గ్యాసోలిన్ దాదాపు 9 కిలోల వాయువును వెలువరిస్తుందన్నమాట.

భూతాపాన్ని పెంచే ఈ వాయువు వల్ల కలిగే నష్టాన్ని వదిలినవారే కాక అందరూ భరిస్తారు. ఊరుమ్మడి చెరువును ఒకరు మురికి చేస్తే ఊరంతా ఆ నీరే తాగవలసి వచ్చినట్లు! కనుక వదిలే ప్రతి టన్నుకూ వెల కట్టాలని ఆర్థికశాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతున్నారు. దీనికి మార్గాలు రెండు: నేరుగా పన్ను వేయడం, లేదా మొత్తం ఉద్గారానికి పరిమితి విధించి, దానికి సరిపడే అనుమతి పత్రాలను అమ్ముకోనివ్వడం.

రెండవ మార్గాన్ని అమెరికా గంధకం విషయంలో అనుసరించి విజయం సాధించింది. ఆమ్లవర్షాలను అరికట్టడానికి చేసిన చట్టసవరణలపై అధ్యక్షుడు జార్జి బుష్ (సీనియర్) 1990 నవంబరులో సంతకం చేశారు. 1995లో అమలు మొదలైంది. విద్యుత్కేంద్రాలు వదిలే గంధక వాయువు 2010 నాటికి 1990 స్థాయిలో మూడో వంతుకు తగ్గింది.

కర్బనానికి మాత్రం ఇది సాధ్యపడలేదు. 1993లో అధ్యక్షుడు క్లింటన్ ఇంధనాల ఉష్ణశక్తిని బట్టి పన్ను ప్రతిపాదించగా ప్రతినిధుల సభ ఆమోదించింది. సెనేట్‌లో అది నిలవలేదు. చివరకు మిగిలింది గ్యాలనుకు 4.3 సెంట్ల పన్ను మాత్రమే. 2009లో హెన్రీ వాక్స్‌మన్, ఎడ్వర్డ్ మార్కీ తెచ్చిన బిల్లు 2005 నాటి ఉద్గారాన్ని 2020కి 17 శాతం తగ్గించాలన్నది. ఇది జాతీయ ఇంధన పన్నేనని ప్రతిపక్షం వాదించింది. 2020లో భారం సగటున కుటుంబానికి ఏడాదికి 175 డాలర్లనీ, అట్టడుగు ఐదో వంతు కుటుంబాలకు 40 డాలర్ల లాభమేననీ కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం లెక్కకట్టింది. జూన్ 26న బిల్లు 219–212 ఓట్లతో గట్టెక్కింది. సెనేట్‌లో మాత్రం ఓటింగు దాకా రానేలేదు. 2010 జులైలో నాయకులు ఆ ప్రయత్నం విరమించారు.

ఈ తేడాకు రాజకీయాలతోపాటు రసాయనశాస్త్రమూ కారణమే. గంధకం బొగ్గులో ఉండే మాలిన్యం; నూటికి కొద్ది పాళ్లే. గంధకం తక్కువగా ఉన్న వయోమింగ్ బొగ్గు తెప్పించుకోవచ్చు. లేదా పొగను సున్నపురాయి ముద్దతో కడిగి జిప్సంగా మార్చవచ్చు. అమెరికా ఇళ్ల గోడపలకలలో కొంత జిప్సం ఇలా వచ్చినదే. కర్బనం మాలిన్యం కాదు, అదే బొగ్గు! టన్ను బొగ్గు కాలిస్తే రెండు టన్నులకు మించి వాయువు వస్తుంది. దానిని పట్టి భూమిలో దాచవచ్చు గాని, అందుకు చాలా శక్తి ఖర్చవుతుంది. గంధకానికి వెల కడితే కొన్ని విద్యుత్కేంద్రాలు మారితే చాలు. కర్బనానికి వెల కడితే దేశమంతా ఇంధనాన్నే మార్చుకోవాలి. బొగ్గు, చమురు ప్రాంతాల సభ్యులు వెనుకాడింది ఇందుకే.

కేంద్రంలో ఆగిన పని కొన్ని రాష్ట్రాలలో సాగింది: 2009లో ఈశాన్య రాష్ట్రాల విద్యుత్కేంద్రాలకు, 2013లో కాలిఫోర్నియాలో, 2023లో వాషింగ్టన్ రాష్ట్రంలో ఇలాంటి పరిమితులు అమలులోకి వచ్చాయి. వాషింగ్టన్ చట్టాన్ని రద్దు చేయాలన్న ప్రతిపాదనను 2024 నవంబరులో ఓటర్లే తిరస్కరించారు.

టన్నుకు 20 డాలర్ల వెల కడితే గ్యాలనుపై పడేది సుమారు 18 సెంట్లు. నెలకు ఎన్ని గ్యాలన్లు కొంటున్నారో పిల్లలచేత తొమ్మిదితో గుణింపజేస్తే తమ కారు వదిలే వాయువు ఎన్ని కిలోలో తేలుతుంది. ఆ వెల ఎవరు చెల్లించాలి, వచ్చిన సొమ్ము ఎవరికి చేరాలి అన్నది మాత్రం గుణకారంతో తేలదు; దానిని సభలలోనే తేల్చుకోవాలి.