నేలకు దిగు విమానము

గుణదల దాటి ఏలూరు మార్గమున సాగినచో గన్నవరము విమానాశ్రయము వచ్చును. అచట విమానము దిగుట చూచువారికి అది మిక్కిలి సులభమైన పనిగా తోచును. కాని విమానమునకు ఆకాశమున సాగుటకంటె నేలకు చేరుటయే కష్టము. వేగము తగ్గినకొలది రెక్కలు బరువును మోయు శక్తిని కోల్పోవును; తోకయందలి చుక్కానికి పట్టు తగ్గును. ఈ కష్టములను తొలగించు రెండు సాధనములను సెస్నా 172 అను చిన్న విమానమున చూడవచ్చును. ఇది 1955లో తొలిసారి ఎగిరినది. హైదరాబాదులోని బేగంపేటలో పెక్కుమంది విద్యార్థులు ఈ రకపు విమానముపై శిక్షణ పొందిరి.

మొదటి సాధనము ఫ్లాపులు. వరిచేనిలో వ్రాలు కొంగను చూడుడు. అది రెక్కలను వెడల్పుగా విప్పి, వంచి, వేగమును తగ్గించుకొనును. విమానపు రెక్కల వెనుక అంచున, మధ్యభాగమునకు దగ్గరగా, క్రిందికి వంగు పలకలు గలవు. అవియే ఫ్లాపులు. చోదకుడు మీటను కదల్పగా విద్యుత్తుతో నడచు మోటారు వానిని 10, 20, 30 డిగ్రీలవరకు దించును. అప్పుడు రెక్క వంపు పెరిగి, తక్కువ వేగమునందును విమానమును మోయగలుగును. గాలి నిరోధము కూడ పెరుగుటచే విమానము వేగము హెచ్చకుండ నిటారుగా దిగగలదు. అయితే దిగుట మాని మరల పైకి లేవవలసివచ్చినపుడు ఫ్లాపులన్నిటిని ఒక్కసారిగా ముడువరాదు. అట్లు చేసినచో రెక్కల బలము తటాలున తగ్గి విమానము క్రిందికి జారును. కావున క్రమక్రమముగా ముడువవలెను.

రెండవ సాధనము ముందుచక్రము. పూర్వము ఏలూరు కాలువపై నడచిన పడవలకు చుక్కాని యుండెడిది. నీరు దానిని ఒరసికొని పారినపుడే అది పనిచేయును. నిలిచిన పడవను త్రిప్పజాలదు. విమానపు చుక్కానియు అట్టిదే. గాలి బలముగా తగిలిననే అది పనిచేయును. అందుచే కాలితో త్రొక్కు పెడళ్లను చుక్కానితోపాటు ముందుచక్రమునకును కలిపిరి. కుడి పెడలును త్రొక్కిన కుడికి, ఎడమ పెడలును త్రొక్కిన ఎడమకు చక్రము సుమారు 10 డిగ్రీలు తిరుగును. ఇంకను ఇరుకుగా మలుపవలెనన్న పెడలు పైభాగమును నొక్కి, ఆ వైపు వెనుకచక్రమునకు మాత్రము బ్రేకు వేయుదురు. అప్పుడు ముందుచక్రము 30 డిగ్రీలవరకు తిరుగును.

కారు నడిపిన అలవాటుచే క్రొత్త విద్యార్థి నేలపై చేతిలోని చక్రమును త్రిప్పును. విమానము దారి మార్చదు. ఏలయన ఆ చక్రమును త్రిప్పిన రెక్కల కొనలయందలి పలకలే కదలును. నేలపై దారి చూపునవి పాదములు. ఈ సంగతి వంటబట్టువరకు శిక్షకుడు ప్రక్కనే కూర్చుండి, విద్యార్థిచే విమానమును నేలపై మెల్లగా నడిపించును.

ఇంజను విమానమునకు వేగము నిచ్చును. ఆ వేగమును విడిచి క్షేమముగా నేలకు చేరుటకు ఈ పలకలును, ఈ చక్రమును, వాని నెరిగిన చోదకుని నిదానమును కావలెను.

ప్రశ్నలు
1. ఫ్లాపులను ఒక్కసారిగా ముడువరాదు. ఏల?
2. పడవ చుక్కానికిని విమానపు చుక్కానికిని గల పోలికను వివరింపుడు.