ఆషాఢం మేత

చి. శ్రీనుకు,

ఆషాఢంలో గుర్రాలకు పెళ్లి బేరాలు లేక చేతిలో డబ్బు ఆడటం లేదనీ, చవగ్గా వస్తోందని వానకు తడిసిన వరిగడ్డి ఒక ట్రాలీ తోలించావనీ వదిన ఫోన్లో చెప్పింది. ఆ గడ్డి గుర్రాలకు వెయ్యకురా.

గేదెలు తింటున్నాయిగా అంటావు. గేదె నెమరు వేసి ముతక గడ్డిని కూడా అరిగించుకుంటుంది. గుర్రానికి నెమరు లేదు, పొట్ట చిన్నది, పైగా అది కక్కుకోలేదు. వరిగడ్డిలో సత్తువ తక్కువ. అదొక్కటే వేసి నీళ్లు కూడా చాలకపోతే పెద్దపేగు మలుపులో ఉండకట్టి అడ్డం పడుతుంది. అప్పుడు ముందుకాలితో నేల గీరుతుంది, మాటిమాటికీ డొక్కవైపు తిరిగి చూస్తుంది, పడి పొర్లుతుంది. లద్దె ఆగిపోతుంది. తెల్లారనీ అనుకోకు. మేత తీసేసి ఆ రాత్రే డాక్టర్ని పిలు. నోట్లో నూనె పొయ్యమని ఎవరన్నా చెప్పినా వినొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే గుర్రం దక్కదు.

ఇక తడిసిన గడ్డికి పట్టే బూజు సంగతి. పైపైన చూసి గడ్డి కొనకు. కట్ట విప్పించి నడిమధ్యకు చెయ్యి పోనీ. వెచ్చగా తగిలినా, ముక్కవాసన కొట్టినా, దులిపితే తెల్లటి పొడి లేచినా వద్దని చెప్పెయ్. ఆ పొడి పీల్చగా పీల్చగా దగ్గు పట్టుకుంటుంది. ముదిరితే ఊపిరి వదలడానికి కూడా డొక్కలెగరేస్తుంది. ఆ ఆయాసంతో పెళ్లికొడుకును మోస్తూ ఎంత దూరం నడుస్తుంది పాపం! నీళ్లలో తడిపి వేస్తే సరి అంటారు. తడిపితే దుమ్ము అణుగుతుంది, బూజు విషం మాత్రం పోదు. బూజు పట్టిన మొక్కజొన్న అంతకన్నా ప్రమాదం, మెదడునే దెబ్బతీస్తుంది.

సత్తువ కోసమని తవుడు కూడా దట్టించకు. అందులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. నెలల తరబడి పెడితే ఎముకలు గుల్లబారి మొహం ఉబ్బుతుంది.

300 కిలోల గుర్రానికి రోజుకు 5, 6 కిలోల మంచి ఎండుగడ్డి కావాలి. ఒక్కసారే పడెయ్యకుండా నాలుగైదు విడతలుగా వెయ్యి. తొట్టిలో నీళ్లు ఎప్పుడూ ఉండాలి. కొత్త మేతకు ఒక్కరోజులో మార్చకు, పాతదాంట్లో కలుపుతూ పది రోజులు తీసుకో.

బూజు గడ్డి గేదెలకూ వద్దు, పెంటకుప్పలో వేయించు. శ్రావణం ముహూర్తాలు మొదలయ్యేదాకా మేత ఖర్చు నేను సర్దుతాను. ఎంత కావాలో రేపు వదినచేత చెప్పించు.

మీ బాబాయి