సుత్తె పట్టకముందే ఇంటిని విప్పి చూడండి

మదనపల్లె దగ్గరి అంగళ్లులో మిట్స్ ఇంజనీరింగు కాలేజీ ఉంది గనుక అద్దె గదులకు గిరాకీ. ముందు తాతలనాటి బండల మిద్దె, వెనక తర్వాతి తరం వేసుకున్న స్లాబు గదులు ఉంటే, పడగొట్టకుండానే ఆ ఇంటిని మెరుగుపరచుకోవచ్చు. బేల్దారిని పిలవకముందు ఇంటిని కంప్యూటర్లో కట్టి చూసే పద్ధతిని బిమ్ అంటారు. అది ఇలా సాగుతుంది.

1. కొలతలు

టేపు, లేజర్ మీటరు, నోటు పుస్తకం చాలు. ప్రతి గదికీ నాలుగు గోడలతోపాటు మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవండి. పాత ఇళ్లలో ఆ రెండూ సమానంగా రావడం అరుదు. వచ్చింది వచ్చినట్టే రాసుకోండి, సర్దొద్దు. గోడ మందం గుమ్మం దగ్గర దొరుకుతుంది. గూళ్లు, బండల కింది దూలాలు, పెచ్చులూడి కమ్మీ బయటపడ్డ చోట్లు ఫొటోలు తీయండి.

2. మోడల్

ఫ్రీక్యాడ్ సాఫ్ట్‌వేరు ఉచితం, ఆఫీసుల్లో రెవిట్ వాడతారు. గోడ గీసేటప్పుడే అది రాయా, ఇటుకా, మందమెంత అన్నది చెప్పాలి. ప్రతి భాగానికీ ఉన్నది, తీసేది, కొత్తది అని మూడు గుర్తుల్లో ఒకటి పెట్టాలి. ఏ గోడ తీస్తే పైన ఏది ఆధారం లేకుండా మిగులుతుందో అప్పుడు తెరమీదే కనబడుతుంది.

3. ఎండ

ఊరి అక్షాంశం, దాదాపు 13.6 డిగ్రీలు, ఇవ్వండి. ఇక్కడ ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ ఎండంతా మిద్దె మీదే. సాయంత్రపు వాలు ఎండ పడమటి కిటికీలోంచి ఎంత దూరం వస్తుందో మోడల్ గంటగంటకూ చూపిస్తుంది. దానికి సజ్జ పెంచితే లాభం ఉండదు. నిలువు జాలీయో, చెట్టో కావాలి.

4. మిద్దె వేడి

కొత్త ఇళ్ల కోసం 2018లో కేంద్రం తెచ్చిన ఈకో నివాస్ సంహిత ప్రకారం, పైకప్పు గుండా చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు, 1.2 వాట్లకు మించి వేడి దిగకూడదు. ఐదంగుళాల ఉత్త స్లాబుకు అది సుమారు 3.5. అంగుళం మందం ఎక్స్‌పీఎస్ అనే గట్టి నురుగు బోర్డు పరిస్తే దాదాపు 1కి దిగుతుంది. ముందు వాటర్‌ప్రూఫింగు, దానిపై బోర్డు, ఆపైన వాలుతో కాంక్రీటు పొర, చివర తెల్ల టైల్స్.

5. బరువు

ఆ కాంక్రీటు పొర రెండంగుళాలుంటే చదరపు మీటరుకు వంద కిలోలు దాటుతుంది. వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు నిండితే టన్ను. బండల మిద్దె ఈ భారానికి పనికిరాదు. రాయి ముందుగా వంగి హెచ్చరించదు, ఒక్కసారిగా విరుగుతుంది. కాబట్టి ట్యాంకు, పై గదుల ఆలోచన ఏదైనా స్లాబు వైపే. అక్కడ కూడా లోపలి కమ్మీ ఎంత, పునాది ఎంత లోతు అన్నది మోడల్‌కు తెలియదు. కమ్మీని రీబార్ స్కానరుతో, కాంక్రీటు గట్టిదనాన్ని రీబౌండ్ హ్యామరుతో పరీక్ష చేయించి, పునాది పక్కన ఒక గుంత తీసి చూసి, స్ట్రక్చరల్ ఇంజనీరు ఒప్పుకున్నాకే ముందుకు వెళ్లండి.

6. పని

మోడల్ నుంచి ఇటుకలు, బోర్డు, టైల్స్ లెక్క తీసి, గదికొక కాగితం చొప్పున ప్రింటు చేసి మేస్త్రీకివ్వండి. తెరమీద తిప్పి చూపించే బొమ్మకంటే కొలతలున్న కాగితమే ఆయనకు అక్కరకొస్తుంది. మిద్దె పని ఎండలున్నప్పుడే ముగించాలి. ఆగస్టు దాటితే వానలు నవంబరు దాకా తెరిపినివ్వవు.

7. మళ్లీ కొలత

ప్లాస్టరింగుకు ముందు గోడలోని పైపులు, వైర్లు టేపు ఆనించి ఫొటో తీసి, మోడల్లో ఎక్కించండి. మేస్త్రీ అక్కడికక్కడ మార్చినవీ చేర్చండి. ఆ ఫైలును ఏ బిమ్ సాఫ్ట్‌వేరైనా తెరవగలిగేలా ఐఎఫ్‌సీ రూపంలో ఇంటి పత్రాలతో కలిపి దాచండి. పదేళ్ల తర్వాత ఏసీ బిగించేవాడు ఎక్కడ డ్రిల్లు పెట్టాలని అడిగితే, గోడ తట్టి ఊహించాల్సిన పని ఉండదు.